గట్టి నేలేనండీ

ఆయన పోయాడని నాకు షేర్ ఆటోలో తెలిసింది. విస్సన్నపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి తిరువూరు వస్తున్నాను. పక్కన కూర్చున్న పెనుగొలను రైతు డ్రైవరుతో కబుర్లాడుతూ, "మా ఊళ్ళో క్రేనాయన పోయాడయ్యా. మామిడికాయల యార్డులో లారీని వెనక్కి పెట్టిస్తూ పెట్టిస్తూ అక్కడే కూలబడ్డాడంట. గుండెపోటు," అన్నాడు. డ్రైవరు "అయ్యో, మంచోడే పాపం" అన్నాడు. అంతలో రోడ్డుకి గేదె అడ్డమొచ్చింది, హారన్ కొట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ మిర్చి తెగులు గురించి మాట్లాడుకున్నారు. మా వీధి దగ్గర దిగాల్సినవాణ్ణి బస్టాండు దాకా పోయి, మళ్ళీ నడుచుకుంటూ వెనక్కి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు ఆ పేరు ఒక కాగితం మీద రాసి కింద సంతకం పెట్టమని ఆయనే అడిగాడు. అవసరమైనప్పుడు రాయలేదు. ఇప్పుడు నలుగురూ చదివేలా రాసి ఎవర్ని ఉద్ధరించాలి?

నేను తిరువూరులో లెక్కల మాస్టారిని. మా చర్చి బిల్డింగు కమిటీకి సెక్రటరీని కూడా. చర్చి మా ఇంటికి ఎదురుగానే ఉంటుంది. మా వీధిలో రెండు మోటారు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఎవరో ఒకరి గుమ్మంలోకి దూరాలి. చర్చి పాత పెంకుల కప్పు వానాకాలం వస్తే కారేది. పాట పాడేటప్పుడు గొడుగులు వేసుకున్న రోజులున్నాయి. చివరికి పెంకులు దింపేసి ఇనప ట్రస్సులు పెట్టి రేకులు వేద్దామని తీర్మానించాం. ట్రస్సంటే గోడ నుంచి గోడకి కప్పుని మోసే ఇనప చట్రం. అవి అయిదు. వాటిని గోడల మీదకి ఎక్కించడమెలాగో ఎవరికీ తోచలేదు. పెద్ద క్రేను మెయిన్ రోడ్డు మలుపులోనే ఆగిపోతుంది. పైన కరెంటు తీగలు, అటూ ఇటూ పాత పెంకుటిళ్ళు. మనుషులతో ఎక్కిస్తే ఒకడన్నా పడతాడని మేస్త్రీ ముందే చేతులెత్తేశాడు. అప్పుడు బెజవాడలో చిన్న క్రేన్లు అద్దెకిస్తారని తెలిసి ఒకటి మాట్లాడాం. దాంతోపాటు ఆయన వచ్చాడు.

ఆ మిషను ముడుచుకుంటే మా ఇంట్లో బీరువా అంత ఉంది. రబ్బరు పట్టాల మీద దొర్లుకుంటూ వీధిలోకి వచ్చింది. వెనక ఆయన రిమోటు నడుముకి కట్టుకుని, బర్రెను తోలుకొచ్చినట్టు నింపాదిగా తోలుకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. బక్కపల్చని మనిషి. ఖాకీ చొక్కాకి రెండు జేబులు, రెండు జేబుల్లో రెండు రుమాళ్ళు. ఒకటి చెమటకి, ఇంకోటి రిమోటు తుడవడానికి. మా ఇంట్లో నాలుగైదు రోజులు టీ తాగాడు గానీ, ఒక్కసారన్నా ఆ రుమాళ్ళు తారుమారు కాలేదు. మా ఆవిడ ఈ సంగతి కనిపెట్టి నాకు చూపించి, "చూసి నేర్చుకోండి" అంది.

వచ్చిన మొదటిరోజు మిషను మీద చెయ్యి వెయ్యలేదు. మాకు ఒళ్ళు మండింది. ఏమంటే, "ముందు వీధి చూడాలి సార్" అన్నాడు. వీధిలో చూడ్డానికేముంది, ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. ఆయన మాత్రం ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట్లో పెద్దావిడ ఎవరో కనుక్కుని, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని ఒకటే ప్రశ్న అడిగాడు. "అమ్మా, ఇక్కడ ముందు ఏముండేది?"

"మగవాళ్ళని అడగొచ్చుగా, త్వరగా తేలుతుంది," అన్నాను.

"మగవాళ్ళని అడిగితే హద్దులు చెబుతారు సార్. ఆడవాళ్ళని అడిగితే నేల చెబుతారు. నీళ్ళెక్కడ తోడారో, పేడెక్కడ కుప్పేశారో, గొయ్యెక్కడ తవ్వి పూడ్చారో వాళ్ళకే గుర్తుంటుంది."

ఆయనకి ఆ పట్టింపు ఎందుకో తర్వాత చెప్పాడు. ఆ చిన్న క్రేను పని చేసేటప్పుడు నాలుగు పొడుగాటి కాళ్ళు చాపుతుంది. ఎత్తే బరువంతా ఆ నాలుగు కాళ్ళ కిందకే దిగుతుంది. "అందరూ బరువు పైకి పోతోందని మెడలెత్తి చూస్తారు సార్. బరువెప్పుడూ పైకి పోదు. కిందకే పోతుంది. నేను కిందకే చూస్తాను," అన్నాడు. అందుకే మిషను ఆన్ చేసే ముందు చెప్పులు విడిచేవాడు. హైదరాబాదులో పెద్ద పెద్ద సైట్లలో చేసినప్పుడు బూట్లు లేకపోతే గేటు దగ్గరే ఆపేసేవాళ్ళట. అక్కడ వేసుకున్నాడు. ఇక్కడ అడిగేవాడు లేడు కాబట్టి విడిచేశాడు. నేల అదిరితే ముందు తన అరికాళ్ళకి తెలుస్తుందని, మిషనుకి ఆ తర్వాత తెలుస్తుందని ఆయన నమ్మకం. అది తప్పని చెప్పేంత క్రేను పరిజ్ఞానం నాకు లేదు.

రెండో రోజు పొద్దున జేబులోంచి నిమ్మకాయలు తీశాడు. మిషను పట్టాల కింద పెట్టి తొక్కించడం ఆయన ఆనవాయితీ. తీసిన తర్వాత తలెత్తి చర్చి మీది శిలువ చూసి, నిమ్మకాయలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తిన్నగా పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, "ఇది మీ దేవుడి స్థలం కదండీ. మీ పద్ధతిలోనే కానివ్వండి," అన్నాడు. పాస్టరు గారు కాసేపు తడబడ్డారు. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, కొత్త స్కూటర్లకీ ప్రార్థన చేశారు గానీ క్రేనుకి ఎప్పుడూ చెయ్యలేదు. చివరికి కళ్ళు మూసుకుని, దాని నాలుగు కాళ్ళనీ స్థిరపరచమని గట్టిగా ప్రార్థించారు. అందరికంటే పెద్దగా ఆమెన్ అన్నది క్రేనాయనే. ఆ మధ్యాహ్నం మా ఆవిడ చేత ఆ నిమ్మకాయల్తో పులిహోర చేయించాడు.

హుక్కుకి బరువు వేలాడుతున్నంతసేపు నోరు తెరిచేవాడు కాదు. తాళ్ళు పట్టుకున్న మా సంఘస్థులకి ఎడమచేత్తోనే అన్నీ చెప్పేవాడు. చూపుడువేలు తిప్పితే పైకి. అరచెయ్యి ఆడిస్తే కిందకి. పిడికిలి పైకెత్తితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. మా ఆవిడ గ్లాసులోకి టీ వంపుతుంటే పిడికిలి పైకెత్తేవాడు. ఆవిడ నవ్వుతూ ఆపేది.

మా పక్కింట్లో ఉండే మామ్మగారికి ఎనభై దాటాయి. నన్ను గోచీ పెట్టుకున్నప్పటి నుంచి ఎరుగుదునని ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది. బరువు లేచేటప్పుడు ఆ పెంకుటింట్లో ఎవరూ ఉండకూడదని ఆయన నియమం. ఆవిడ ఎవరు చెప్పినా కదిలేది కాదు, ఆయన చెబితే కదిలేది. స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చర్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీరు మా సూపర్‌వైజరండీ. నేను తప్పు చేస్తే అరవండి," అనేవాడు. ఆవిడ ఆ ఉద్యోగాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంది.

ఇక అసలు సంగతికి రావాలి. రావడం నాకిష్టం లేదని ఇంతసేపు పులిహోర గురించి రాయడంలోనే తెలిసిపోతుంది.

చర్చి ముందు క్రేను నిలబెడితే మూడు కాళ్ళు వీధిలో పడతాయి. నాలుగోది మా గేటు లోపల పడాలి. దానికి అనుమతి అడగడానికి మా ఇంటికొచ్చాడు. గేటు లోపల కొత్తగా టైల్స్ వేయించాం. చెప్పులు విడిచి వాటి మీద అటూ ఇటూ నడిచాడు. గునపం తిరగేసి నాలుగుచోట్ల తట్టాడు.

"సార్, ఇక్కడ ముందు ఏముండేది?"

అక్కడ బావి ఉండేది. వీధి వీధంతా నీళ్ళు తోడుకున్న బావి. కుళాయిలొచ్చాక వాడకం ఆగిపోయి, చెత్త పడి, ఎవరికీ పట్టకుండా పోయింది. ఒక వేసవిలో మా నాన్న దాన్ని రాళ్ళూ రప్పలూ పోసి పూడ్చి, మా ప్రహరీ గోడని దాని అవతలికి జరిపాడు. మా నాన్న మంచివాడే. స్థలం దగ్గరకొచ్చేసరికి ఎంత మంచివాడికైనా చెయ్యి కొంచెం సాగుతుంది. ఎవరన్నా అడిగితే "అక్కడ బావేంటయ్యా, ఎప్పుడూ గట్టి నేలే" అనేవాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు, కొన్నాళ్ళకి కోపంగా అనేవాడు, చివరికి నిజంగా నమ్మి అనేవాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పైగా ఆ నెలలో మురుగుకాలవ కోసం వీధి కొలుస్తారని అనుకుంటున్నారు. దానికి తోడు, చర్చి స్థలంలోకి అడుగు మేర గోడ జరిపిన ఒక సభ్యుణ్ణి అంతకు ముందు ఆదివారమే నేను కమిటీలో నిలబెట్టి దులిపేశాను.

"గట్టి నేలేనండీ," అన్నాను. ఆ మాట నా నోటికి ఎంత అలవాటంటే, అబద్ధమాడుతున్నానని కూడా నాకనిపించలేదు.

ఆయన మళ్ళీ ఒకసారి తట్టాడు. "డొల్ల మోత వస్తోంది సార్."

"టైల్స్ కింద ఇసకండీ అది."

"ఒక్క టైలు లేపి గునపం దించి చూడనా?"

"కొత్త టైల్స్. పగిలితే ఆ రంగు మళ్ళీ దొరకదు."

నా మొహంలోకి చూశాడు. అనుమానంగా కాదు. పెద్ద చదువు చదివిన మనిషిని, చర్చి సెక్రటరీని, ఇంటి యజమానిని చూసినట్టు చూశాడు. "మీరు చెప్పాక ఇంకేంటి సార్," అని గునపం పక్కన పెట్టాడు. కాలి కింద వెయ్యడానికి చెక్క దిమ్మలు మాత్రం ఒకటికి రెండు తెప్పించాడు.

మొదటి రెండు ట్రస్సులూ రెండు రోజుల్లో పువ్వుల్లా గోడల మీదకి ఎక్కాయి. మూడోదాన్ని భోజనాలయ్యాక ఎత్తాం. లైన్‌మన్ కరెంటు తీయించాడు. మామ్మగారు వరండాలో తన కుర్చీలో ఉంది. ట్రస్సు ఇళ్ళ చూరులకి పైగా లేచి మెల్లగా తిరుగుతోంది. అప్పుడు నా వెనక పటుక్కుమని చప్పుడైంది. టైలు చిట్లిన చప్పుడు. ఆ వెంటనే మిషను కీచుమని అరవడం మొదలెట్టింది. కాలి కింద నేల జారితే అది అలా అరుస్తుంది. నాలుగో కాలు జానెడు లోపలికి దిగింది. మిషను మా ఇంటివైపు ఒరిగింది. ట్రస్సు ఊగుతూ వెళ్ళి మామ్మగారి పెంకుల మీద, బారెడు ఎత్తులో ఆగింది.

ఆయన పిడికిలి పైకెత్తాడు. వీధంతా నిలబడిపోయింది. వరండా వైపు చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. తమలపాకుల డబ్బా మర్చిపోయానని ఆవిడ ఎప్పుడు వెళ్ళిందో, ఎవరికీ చెప్పకుండా ఇంట్లోకి వెళ్ళి, వెళ్ళినదల్లా మంచమ్మీద నడుం వాల్చింది.

బరువు వేలాడుతుండగా ఆయన మాట్లాడటం అదొక్కసారే విన్నాను. "మామ్మగారు లోపలున్నారు. తీసుకురండి. పరిగెత్తకండి." గొంతు పెంచలేదు. పాటల గుంపులో పాడే ఆడవాళ్ళిద్దరు లోపలికి వెళ్ళారు. ఆయన అక్కడే వట్టికాళ్ళతో నిలబడి, కాలు కొంచెం కుంగినప్పుడల్లా క్రేను చెయ్యిని కొంచెం లోపలికి లాక్కుంటూ, రిమోటు మీద బొటనవేళ్ళు మాత్రం కదుపుతున్నాడు. పక్కకి దూకేస్తే ఆయన ప్రాణానికి ఏ ఢోకా లేదు. దూకలేదు. అక్కడున్న అందరిలోకీ ఆ కాలి కింద ఎంత లోతుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడైనా చెప్పలేదు.

మామ్మగారిని ఎత్తుకుని బయటికి తెచ్చాక, ఆయన ట్రస్సుని పెంకుల మీంచి తప్పించి వీధివైపు తిప్పాడు. అది నేలకి అందేలోగా మిషను పూర్తిగా వాలిపోయింది. దాని చెయ్యి మా ప్రహరీ మీద పడి వంగిపోయింది. ట్రస్సు వీధిలో పడి మెలి తిరిగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆయన రిమోటు ఆపి, రెండో జేబులో రుమాలు తీసి దాన్ని తుడిచి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఒక చెప్పు మిషను కింద ఉండిపోయింది.

సాయంత్రానికి చైన్ కప్పీలతో మిషన్ని లేపి చర్చి ఆవరణలోకి లాగాం. కాలు దిగిన చోట టైల్స్ విరిగి, కింద నల్లబడిన ఇటిక వరస ఒకటి వంపుగా కనిపించింది. ఆయన చూశాడు, నేనూ చూశాను. ఒక్కటే అడిగాడు. "దీన్ని ఇలాగే ఉంచండి సార్. రేపు మా ఓనరు వచ్చి కళ్ళతో చూడాలి."

అలాగేనన్నాను. ఆయన ఒంటి చెప్పుతో బస్టాండుకి నడిచాడు. ఆయన మలుపు తిరగ్గానే నేను మేస్త్రీని పిలిచి, పిల్లలు పడతారయ్యా అని చెప్పి, ఆ గోతిలో కంకర పోయించి సిమెంటు వేయించేశాను. నా జీవితంలో అంత చురుగ్గా ఏ పనీ చెయ్యలేదు. కప్పు పని మాత్రం ఏడాది పట్టింది.

పొద్దున ఓనరుని వెంటబెట్టుకుని ఆయన వచ్చాడు. పచ్చి సిమెంటు మీద గోనెసంచి కప్పి ఉంది. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు. ఓనరు "నేల చూసుకోలేదా?" అని గద్దిస్తే, "సార్‌ని అడగండి," అన్నాడు. నేను నిజం చెబుతానని ఆయనకి అప్పటికీ నమ్మకమే. సిమెంటు చూశాక కూడా!

ఓనరు నావైపు తిరిగాడు. "ఏం సార్, ఇక్కడ గొయ్యిగానీ బావిగానీ ఉండేదా?"

"లేదండీ," అన్నాను. వీధిలో పదిమంది ఉన్నారు. అందరూ ఆ బావి నీళ్ళు తాగినవాళ్ళే, లేదా తాగినవాళ్ళ పిల్లలే. ఎవరూ నోరు మెదపలేదు. నా మర్యాద కాపాడారు.

తర్వాత మామ్మగారొక్కతే నన్ను పట్టుకుంది. "ఒరే అబ్బాయ్, బావి ఉండేదని నేను ఆ అబ్బాయికి మొదటిరోజే చెప్పానురా. మీ గేటు దగ్గరేనని కూడా చెప్పాను. మాస్టారిని కూడా అడిగి చూస్తానన్నాడు. నీ మాట విన్నాడు," అంది. ఆవిడ చెప్పింది ఎరిగి, అయినా నన్ను నమ్మి, కాలు అక్కడ పెట్టాడన్నమాట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది. మనిషికి అన్నం ఎప్పుడూ సయిస్తూనే ఉంటుంది.

వారం తర్వాత స్కూలుకి వచ్చాడు. గంట కొట్టేదాకా గేటు బయటే వేపచెట్టు కింద నిలబడ్డాడు. కొత్త చెప్పులు వేసుకున్నాడు.

"ఓనరు మానిపించేశాడు సార్. మిగతా క్రేన్లవాళ్ళకీ ఫోన్లు చేసి చెప్పాడు, నేల చూసుకోని మనిషని. నన్ను!" అని నవ్వబోయి ఆపుకున్నాడు. "ఒక్క ముక్క రాసివ్వండి సార్. నేల గట్టిదని మీరే చెప్పారని, నేను అడిగానని. అంతే చాలు. బావి సంగతి రాయక్కర్లేదు. మీకు ఇబ్బంది కాకుండా రాయండి."

నాకు ఇబ్బంది కాకుండా! గోతిని నేను ఎందుకు పూడ్పించానో ఆయనకి తెలుసు. తెలిసి, నా అబద్ధాన్ని నాకే వదిలేసి, తన నిజాన్ని మాత్రం అడుగుతున్నాడు. నేను రాసి ఉండొచ్చు. నాలుగు వాక్యాలు. కానీ ఒకసారి రాస్తే ఎవరో ఒకరు ప్రశ్న అడుగుతారని, ఆ ప్రశ్న చివరికి నా గోడ దగ్గరికి వస్తుందని భయం. "కమిటీతో మాట్లాడి చెబుతానండీ," అన్నాను. కమిటీ అనేది మాలాంటివాళ్ళ కోసమే పుట్టింది.

పది రోజులాగి మళ్ళీ వచ్చాడు. స్టాఫ్ రూము కిటికీలోంచి చూశాను. సైన్సు మాస్టారితో నేను సెలవులో ఉన్నానని చెప్పించాను. ఆయన "సరేనండీ" అని వెళ్ళిపోయాడట. మూడోసారి రాలేదు.

మరుసటి వేసవిలో విస్సన్నపేట మామిడికాయల యార్డు పక్కనుంచి వెళ్తూ ఆయన్ని చూశాను. కాయల లారీ వెనక్కి వస్తుంటే వెనకాల నిలబడి దారి చూపిస్తున్నాడు. మిగతావాళ్ళు "రా, రా, రైట్" అని గొంతులు చించుకుంటుంటే, ఈయన నోరు మూసుకుని చేత్తో చెబుతున్నాడు. డ్రైవరుకి ఆ సైగలు అర్థం కాక తల బయటికి పెట్టి తిడుతున్నాడు. "నోరు పెగలదా నీకు? అరిచి చావు!" ఆయన అరవలేదు. చెయ్యి ఇంకొంచెం పైకెత్తి చూపించాడు. తల తిప్పుకుని తప్పించుకుందామనుకునేలోగా నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"బాగున్నారా సార్? చర్చి కప్పు పడిందా?"

"పడిందండీ."

"మామ్మగారు?"

"బాగానే ఉన్నారు."

"టైల్స్ దొరికాయా, ఆ రంగువి?"

దెప్పుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. దెప్పడం లేదు. పగిలింది తన మిషను వల్లనే కదా అన్న బాధ ఆ మొహంలో ఉంది. దొరికాయని చెప్పాను. నిజంగానే దొరికాయి. ఆయనకి చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. లారీ హారన్ కొట్టింది, ఆయన వెళ్ళిపోయాడు, నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆటోలో ఆ కబురు విన్న రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారి కూర్చుని రాశాను. నేల గట్టిదని ఆయనకి చెప్పింది నేనే. అక్కడ వీధి బావి ఉండేది. గునపం దించనివ్వనిది నేను. గొయ్యి పూడ్పించింది నేను. ఆయన తప్పు ఏమీ లేదు. ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాసి, కింద నా సంతకం పెట్టి, కమిటీ సీలు కూడా వేశాను. గోడ సంగతి, మా నాన్న సంగతి కూడా దాచలేదు. మా ఆవిడ చదివి కవరు తెచ్చిచ్చింది. అది పట్టుకుని పెనుగొలను బస్సెక్కాను. గంట కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ అది చాలా దూరమని ఎలా అనుకున్నానో తెలియదు.

చిన్న రేకుల ఇల్లు. ఆయన భార్య గుమ్మంలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తిరువూరు చర్చి మాస్టారినని చెబితే గబగబా లేచి కుర్చీ తుడిచి వేసింది. "మీ ఇంట్లో పులిహోర గురించి చెప్పేవారండీ," అంది. ఇంకేమన్నా చెప్పాడా అని అడగలేకపోయాను. ఆవిడే ఏమన్నా అంటుందని చూశాను. మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

కవరు ఆవిడ చేతికిచ్చాను. "ఇది అప్పుడే ఇవ్వాల్సిందమ్మా. ఆయన అడిగారు. నేను ఇవ్వలేదు."

ఆవిడకి చదవడం వచ్చు, నెమ్మదిగా, వేలు పెట్టి. మొదటి నుంచి చివరిదాకా చదివింది. భర్త పేరున్న చోట వేలు కాసేపు ఆగింది. నేను తిట్లకి సిద్ధపడే వెళ్ళాను. శాపనార్థాలకి కూడా సిద్ధపడ్డాను. ఆవిడ కాగితాన్ని ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి, మళ్ళీ కవర్లో పెట్టింది.

"ఇదిప్పుడు ఎవరికి చూపించాలండీ?" అంది.

నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగింది. ఇంత రాసి, సంతకం పెట్టి, సీలేసి ఊరు కాని ఊరు తెచ్చిన కాగితమంటే, ఎక్కడో ఒకచోట ఇవ్వాల్సిందేనని ఆవిడ అనుకుంది. ఎక్కడివ్వాలో మాస్టారికి తెలిసే ఉంటుంది కదా.

నేను చేతి గడియారం వంక చూసేసరికి ఆఫీసు టైమైపోతుందని తొందరపడుతున్నాననుకుందో ఏమో, మిరపకాయల చేట లోపల పెట్టి, చేతులు కడుక్కుని, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"పదండి సార్, వెళ్దాం," అంది.

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.